జవాబు లేకుండా పాతబడిపోతున్న ఆడిట్ అభ్యంతరాలపై బహిరంగ లేఖ

గుంటూరు

రాష్ట్ర ఆర్థిక, పురపాలక, పంచాయతీరాజ్ శాఖల ముఖ్య కార్యదర్శులకు, రాష్ట్ర ఆడిట్ శాఖ డైరెక్టర్ గారికి, శాసనసభ ప్రజా పద్దుల సంఘం అధ్యక్షులకు, సభ్యులకు, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల కలెక్టర్లకు నమస్కారములు.

నేను రాష్ట్ర ఆడిట్ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ని. ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల్లోని పంచాయతీలు, మండల పరిషత్తులు, పురపాలక సంఘాలు, మార్కెట్ కమిటీలు, గ్రంథాలయ సంస్థల లెక్కలు చూడడంతోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. శాఖ పేరు మారి చాలా ఏళ్లయినా ఊళ్లలో మమ్మల్ని ఇప్పటికీ ‘లోకల్ ఫండ్ వాళ్లు’ అనే అంటారు. ఒక పురపాలక సంఘం లెక్కల్లో మా బృందం తీసిన అభ్యంతరాలు సమాధానం లేకుండా ఏళ్ల తరబడి పడి ఉన్నాయనీ, వాటిలో కొన్ని ప్రజల ఆరోగ్యానికీ, పారిశుద్ధ్య కార్మికుల పొట్టకూటికీ సంబంధించినవనీ పదవిలో ఉండగానే పైవారికి రాశాను. విశ్రాంత ఉద్యోగిగా మళ్లీ విన్నవించుకున్నాను. అర్జీ అందినట్లు రసీదు వచ్చింది. ‘తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారికి పంపడమైనది’ అన్న కాగితమూ వచ్చింది. ఆ సంబంధిత అధికారి దగ్గర నుంచి మాత్రం ఏమీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

ఆ పురపాలక సంఘం పేరు ఇక్కడ చెప్పడం లేదు. చెబితే ఇది ఒక ఊరి గొడవగా, ఒకరిద్దరు ఉద్యోగుల మీద ఫిర్యాదుగా కుదించుకుపోతుంది. నేను చెప్పబోయేది రెండు జిల్లాల్లో నేను లెక్కలు చూసిన చాలా కార్యాలయాలకు వర్తిస్తుంది. పేరు, ఓచర్ (ఖర్చుకు ఆధారమైన చెల్లింపు కాగితం) నంబర్లు, నివేదికలోని పేరా నంబర్లు అడిగే అధికారం ఉన్నవారు అడిగితే ఇస్తాను.

ఈ వ్యవహారంతో పరిచయం లేని పాఠకుల కోసం రెండు మాటలు. పంచాయతీల లెక్కల తనిఖీకి రాజ్యాంగంలోని 243-జె అధికరణ, పురపాలక సంస్థల లెక్కల తనిఖీకి 243-జడ్ అధికరణ ఆధారం. మన రాష్ట్రంలో ఆ పని చేయడానికి 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టం ఉంది. ఆడిటర్ క్యాష్ బుక్, ఓచర్లు, స్టాకు రిజిస్టర్లు, మెజర్‌మెంట్ బుక్కులు చూస్తాడు. పొరపాటు కనిపిస్తే కాగితానికి ఒక పక్కన ప్రశ్న రాసి, రెండో పక్కన కార్యాలయం సమాధానం రాసేందుకు ఖాళీ వదిలిన హాఫ్ మార్జిన్ ఇస్తాడు. సమాధానం తృప్తికరంగా లేకపోతే, లేదా అసలు రాకపోతే, అది నివేదికలో పేరాగా ఎక్కుతుంది. అక్కడితో ఆడిటర్ పని ముగుస్తుంది. డబ్బు రాబట్టాల్సింది, తప్పు దిద్దాల్సింది కార్యాలయం. అది జరిగిందో లేదో అడగాల్సింది మీరు. నా ఫిర్యాదు ఈ చివరి మెట్టు గురించే. అభ్యంతరాలు తీసేవారు తీస్తూనే ఉన్నారు, అచ్చువేసేవారు వేస్తూనే ఉన్నారు, అడిగేవారే లేరు.

నేను చూసిన వాస్తవాలు ఇవి.

1. అభ్యంతరాలను మనం రూపాయల్లో తూచి వరుస పెడుతున్నాం, దానివల్ల చిన్న మొత్తం ఉన్న పెద్ద ప్రమాదం అడుగుకు పోతోంది. పైన చెప్పిన పురపాలక సంఘంలో మంచినీటి విభాగం క్లోరిన్ పరీక్షల రిజిస్టరు మా ముందుకు వచ్చింది. రోజూ పైపులైను చివరి కుళాయి దగ్గర నీరు పట్టి, అందులో మిగిలిన క్లోరిన్ ఎంతో చూసి రాయవలసిన పుస్తకం అది, కనీసం 0.2 పీపీఎం (పది లక్షల పాళ్లకు 0.2 పాలు) ఉండాలి. నెల పొడుగునా ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒకే చేతితో 0.2 అని రాసి ఉంది. జూన్ నెల పేజీలో 30వ తేదీ కింద 31వ తేదీ కూడా ఉంది. లేని ఆ రోజున కూడా క్లోరిన్ 0.2 ఉన్నట్లు రాసి, కింద సంతకం చేశారు. ఆ పక్కనే ఉన్న స్టాకు రిజిస్టరు చూస్తే, అదే నెలలో కొన్ని వారాల పాటు బ్లీచింగ్ పౌడర్ నిల్వ సున్నా. గోదాములో లేని పౌడర్ ట్యాంకులో ఎలా కలిసిందని హాఫ్ మార్జిన్ ఇచ్చాం. ‘రికార్డులు పరిశీలించి సమాధానం పంపబడును’ అని రాసి ఇచ్చారు.

ఆ అభ్యంతరం విలువ కొన్ని వేల రూపాయలు. అందువల్ల అది నివేదికలో వెనక్కి, సాధారణ లోపాల జాబితాలోకి పోయింది. ముందు పేజీల్లో లక్షల విలువ గల షాపుల అద్దె బకాయిలు కూర్చున్నాయి. అద్దె బకాయి ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వసూలవుతుంది. నీళ్లు తాగి మంచాన పడిన పిల్లవాడి సంగతి అలా కాదు. 2018 మార్చిలో పాత గుంటూరులో కలుషిత నీటి వల్ల అతిసారం ప్రబలి జనం ప్రాణాలు కోల్పోయిన సంగతి ఈ ఊరివారెవరూ మరిచిపోలేదు. దానికీ నేను చెబుతున్న రిజిస్టరుకూ సంబంధం లేదు. అది వేరే ఊరు, వేరే సంవత్సరం. అయినా ఆ రోజుల్లో ఆనందపేట, సంగడిగుంట వీధుల వెంట నడిచిన ఏ ఆడిటర్‌కైనా, క్లోరిన్ పుస్తకంలో జూన్ 31 కనిపిస్తే అది ‘సాధారణ లోపం’గా తోచదు.

2. పారిశుద్ధ్య కార్మికుల భవిష్యనిధి (పీఎఫ్), ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా). ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ప్రతి నెలా బిల్లు పెట్టేటప్పుడు ముందు నెల చందాలు కట్టిన చలానా, దానితో పాటు కార్మికుల పేర్ల జాబితా జతచేయాలి. మేము చూసిన ఫైలులో ఒకే చలానా జిరాక్సు వరుసగా మూడు నెలల బిల్లులకు జతచేసి ఉంది. తేదీ ఉన్న మూల మడత పెట్టి జిరాక్సు తీశారు. బిల్లు గుమస్తా చూశాడు, అకౌంటెంట్ చూశాడు, ఆపైవారూ సంతకం చేశారు. కార్మికురాలి జీతంలో 12 శాతం భవిష్యనిధికి, 0.75 శాతం ఈఎస్ఐకి మినహాయించినట్లు పే షీటులో కనిపిస్తుంది. అంటే ఆమె చేతికి వచ్చేది తగ్గింది, ఆమె ఖాతాకు చేరాల్సింది చేరలేదు, యజమాని వాటాగా పురపాలక సంఘం ఇచ్చిన ప్రజల సొమ్ము కూడా దారిలో ఆగిపోయింది.

తెల్లవారక ముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే మనిషికి ఈ సంగతి తెలిసేది ఎప్పుడంటే, ఈఎస్ఐ ఆసుపత్రిలో చందా జమ కాలేదని చెప్పినప్పుడు, కూతురి పెళ్లికి పీఎఫ్ తీసుకుందామని నెట్ సెంటరుకు వెళ్లినప్పుడు, లేదా ఇంటిమనిషి చనిపోయాక బీమా కోసం కుటుంబం తిరిగినప్పుడు. ఆడిట్ నివేదికలో ఈ సంగతి అంతకు ఎంతో ముందే అచ్చయి ఉంది. ఆమెకు చెప్పినవారు లేరు. ఏజెన్సీ కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయింది. డిపాజిట్టు కూడా వెనక్కి ఇచ్చేశారు. ఇక ఎవరి దగ్గర రాబట్టాలి?

3. ఒక పని కోసం వసూలు చేసి, ఆ పనికి ఇవ్వకుండా అట్టిపెట్టుకుంటున్న సొమ్ము. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. పన్ను కట్టేవారు కడుతున్నారు. అది స్థానిక సంస్థ ఖాతాలోనే కలిసిపోయి జీతాలకూ, కరెంటు బిల్లులకూ ఖర్చవుతోంది. జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరడం లేదన్నది ఆడిట్ నివేదికల్లో ఏటేటా పాతపాటలా వచ్చే పేరా. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే, రామమోహన గ్రంథాలయంలోనే. ఇవాళ అదే ప్రాంతంలో గ్రూప్-2కు చదువుకునే పిల్లలు గ్రంథాలయంలో కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చుంటున్నారు. అలాగే కట్టడ పనుల బిల్లుల్లో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి మినహాయించే 1 శాతం సెస్సు. బిల్లులో కోస్తారు, బోర్డుకు పంపరు. పరంజా మీద నుంచి పడి నడుము విరిగిన తాపీ పనివాడికి ఇవ్వాల్సిన సాయం ఆ ఒక్క శాతంలో ఉంది.

4. పూడికతీత. కాలువల్లో, డ్రైన్లలో వర్షాలకు ముందు పూడిక తీసి, ట్రాక్టర్ ట్రిప్పుల లెక్కన, లేదా తీతకు ముందు, తర్వాత లోతుల కొలతల లెక్కన బిల్లు చేస్తారు. కొలతలు మెజర్‌మెంట్ బుక్కులో ఉంటాయి. మేము లెక్కలకు వెళ్లేది మరుసటి ఏడాది, ఒక్కోసారి ఆపై ఏడాది. ఈలోపు వానలు పడి కాలువ మళ్లీ పూడిపోయి ఉంటుంది. పెళ్లిలో ఎంతమంది భోంచేశారో మరుసటి ఏడు వెళ్లి విస్తళ్లు లెక్కపెట్టి చెప్పమంటే ఎలా ఉంటుందో, మా పరిస్థితి అలా ఉంటుంది. కాగితం సరిగా ఉంటే మేము ఒప్పుకోవలసిందే. ట్రాక్టర్ నంబరు రవాణా శాఖ రికార్డుతో సరిపోకపోతే మాత్రమే పట్టుకోగలం. 2024 ఆగస్టు నెలాఖరు, సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోవడానికి భారీ వర్షం, ఆక్రమణలు, గట్ల బలహీనత ఇలా అనేక కారణాలు చెప్పారు. నేను ఆ ఘటన లెక్కలు చూడలేదు, దాని గురించి తీర్పు చెప్పను. కాలువల మీద పెట్టిన ఖర్చును పని జరిగేటప్పుడే చూసే ఏర్పాటు లేకపోతే, మునిగిన తర్వాత చూసేదేమీ మిగలదని మాత్రం అనుభవంతో చెప్పగలను.

5. ‘రికార్డులు చూపలేదు’ అన్న పేరా మన నివేదికల్లో అన్నిటికంటే మెత్తగా కనిపిస్తుంది. నా లెక్కలో అన్నిటికంటే ముదిరిన పేరా అదే. పొరపాటు ఉన్న ఓచర్ మీద ప్రశ్న వేయవచ్చు. ఓచరే లేనప్పుడు ప్రశ్న కూడా ఉండదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి గుంటూరు మూడు జిల్లాలైంది, కృష్ణా రెండైంది. ఆ మార్పుల్లో ఫైళ్లు లారీలెక్కాయి. ఆ తర్వాత కొన్ని చోట్ల ఏ రికార్డు అడిగినా ‘విభజనలో అటు వెళ్లింది’ అన్న సమాధానమే. అటు వెళ్లి అడిగితే ‘ఇటు రాలేదు’ అన్నారు. అంతకు ముందు చెదలు, వరద, భవనం మార్పు ఉండేవి.

6. నలిగేది కింది ఉద్యోగి. ఇది అధికారులకు నచ్చదేమో గాని చెప్పక తప్పదు. ఒక కమిషనర్ నోటి మాటతో ముందస్తు సొమ్ము తీసి, పుష్కరాల ఏర్పాట్లకో, మంత్రి పర్యటనకో షామియానాలు వేయించి, రసీదులు పై గదిలో అప్పగించిన జూనియర్ అసిస్టెంట్ పేరు మీదే ఆ అడ్వాన్సు పుస్తకాల్లో నిలిచిపోతుంది. కమిషనర్ బదిలీ అయి, మరో చోటికి, అక్కడి నుంచి మరో శాఖకు వెళ్లిపోతాడు. ఈ అసిస్టెంట్ పదవీ విరమణ నాడు ఆడిట్ అభ్యంతరాలు లేవన్న పత్రం దొరక్క గ్రాట్యుటీ ఆగిపోతుంది. రసీదుల జాడ కోసం అరవై దాటిన మనిషి, తన దగ్గర నిన్నటిదాకా పని నేర్చుకున్న కుర్రాళ్ల టేబుళ్ల ముందు నిలబడి బతిమాలుకోవడం నేను చూశాను. అభ్యంతరం తీసినవాళ్లలో నేనూ ఉన్నాను, అభ్యంతరం న్యాయమైనదే. దాన్ని సకాలంలో సరైన మనిషికి పంపి అడగకపోవడమే అన్యాయం.

7. పంచాయతీల వైపు మరో చిక్కు ఉంది. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంట్లకు ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో ఉండాలని షరతు పెట్టింది. మంచి షరతే. కాని అందులో లెక్క ఆడిట్ అయిందా అన్నదే ఉంది, ఆడిట్ అడిగిన దానికి జవాబు వచ్చిందా అన్నది లేదు. దాంతో గడువు దగ్గర పడిందంటే చాలు, రోజుకు ఇన్ని పంచాయతీలు ముగించాలన్న ఒత్తిడి ఆడిటర్ల మీద పడుతోంది. ఓచర్ల కట్ట విప్పకుండానే సిస్టంలో ఆడిట్ ‘పూర్తి’ అయిపోతుంది. గ్రాంటు వస్తుంది, ఊరి సంగతి ఊరిదే.

8. శాసనసభ వైపు. కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికలను గవర్నర్ ద్వారా శాసనసభ ముందు ఉంచాలని రాజ్యాంగం 151వ అధికరణ చెబుతుంది. ఎన్ని రోజుల్లో అన్నది చెప్పదు. ఆ సందు చాలు, సమావేశాల చివరి రోజున బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లిపోవడానికి. ప్రజా పద్దుల సంఘం పరిశీలించే ఆ నివేదికలోని పేరాలకు శాఖలు మూడు నెలల్లో వివరణ నోట్లు పంపాలని ఆర్థిక శాఖే 1993 నవంబరులో ఆదేశించింది. ఆ ఆదేశం వచ్చిన ఏడాది ఉద్యోగంలో చేరినవారు కూడా రిటైరై పోతున్నారు. నోట్ల బకాయి మాత్రం రిటైర్ కాలేదు.

9. మా శాఖ సంగతి కూడా దాచను. ఆడిటర్‌కు ప్రయాణ భత్యం నెలల తరబడి రాదు. గది, కుర్చీ, మధ్యాహ్న భోజనం అన్నీ ఎవరి లెక్కలు చూస్తున్నాడో వాళ్లే ఏర్పాటు చేస్తారు. భోజనం పెట్టిన చేతిని మర్నాడు ప్రశ్నించడం అందరి వల్లా కాదు. అడిగే గట్టిదనం ఉన్నవారు లేరని కాదు. అలాంటివాళ్లు తీసిన పేరాలు కూడా ఎవరూ చదవని అలమారాలోకి పోతుంటే, బెజవాడలో కోచింగ్ తీసుకుని, ఏళ్లు చదివి సీనియర్ ఆడిటర్‌గా చేరిన కుర్రాడు రెండేళ్లలోనే నేర్చుకునే పాఠం ఒకటి: సమాధానం రాని పేరా తీసినా, తీయకపోయినా జీతం ఒకటే. నాకు తెలిసిన మంచి ఆడిటర్లు కొందరు ఆ పాఠం నేర్చుకోలేక శాఖ మారిపోయారు.

ఇక కోరేవి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అవసరం లేదని, చాలావాటికి కొత్త ఖర్చు కూడా లేదని మనవి.

1. తాగునీరు, ఆహారం, ఆసుపత్రి, అగ్నిమాపక ఏర్పాట్లు, కార్మికుల జీతాలు, చందాలకు సంబంధించిన అభ్యంతరాలను మొత్తంతో నిమిత్తం లేకుండా వేరే జాబితాగా తీసి, ఆడిట్ ముగిసిన వారంలోపే కలెక్టర్‌కు పంపాలి. వార్షిక నివేదిక అచ్చయ్యేదాకా ఆగకూడదు. ముప్పై రోజుల్లో దిద్దుబాటు జరగాలి. జరిగిందని కార్యాలయం రాస్తే సరిపోదు, మరో శాఖ ఉద్యోగి వెళ్లి చూసి రాయాలి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడిన హోటల్లో మంటలు లేచి పదిమంది చనిపోయాక మాత్రమే రాష్ట్రమంతటా అనుమతుల కాగితాలు వెదికారు. తనిఖీ కాగితానికి ముందే విలువ ఉండాలి.

2. కమిషనర్, ఇంజనీరు, పంచాయతీ కార్యదర్శి, అకౌంటెంట్ ఎవరైనా బదిలీ అయితే, వారి కాలానికి చెందిన పెండింగు అభ్యంతరాల జాబితా మీద, వాటికి వారు రాసిన సమాధానాలతో సహా సంతకం చేస్తేనే చివరి జీతపు ధ్రువపత్రం (ఎల్‌పీసీ) ఇవ్వాలి. ఎల్‌పీసీ లేకపోతే కొత్త చోట జీతం రాదని అందరికీ తెలుసు. పెన్షన్ దగ్గర కింది ఉద్యోగిని ఆపగలిగినప్పుడు, ఎల్‌పీసీ దగ్గర పై అధికారిని ఆపడం అసాధ్యమేమీ కాదు.

3. ఔట్‌సోర్సింగ్ బిల్లు పాస్ చేసే అధికారి చలానా జిరాక్సును నమ్మకుండా, కార్మికుల పేర్లతో సహా చందా జమ అయిందో లేదో పోర్టల్‌లో స్వయంగా చూసి, ఆ పేజీ ముద్రించి, సంతకంతో బిల్లుకు జతచేయాలి. అంతవరకూ ఏజెన్సీ డిపాజిట్టు తిరిగి ఇవ్వకూడదు. ఇప్పటికే జమ కాని నెలల జాబితా మా నివేదికల్లో ఉంది. ఆ కార్మికుల పేర్లు వార్డు సచివాలయాల్లో అంటించి, వారికి చెప్పండి.

4. గ్రంథాలయ సెస్సు, కార్మిక సెస్సు వసూలైన రోజునే వేరే ఖాతాకు మళ్లేలా చూడండి. కంప్యూటర్‌లో బిల్లులు నడుస్తున్న రోజుల్లో ఇది అసాధ్యమని ఎవరైనా అంటే నేను నమ్మను. పాత బకాయిలకు వాయిదాలు నిర్ణయించి ప్రకటించండి.

5. పూడికతీత, వరద సాయం, జాతరలు, పుష్కరాల వంటి తర్వాత చూడలేని ఖర్చులకు పని జరుగుతుండగానే ఆడిట్ చేయించాలి. ఫొటోలు, స్థలం గుర్తులు ఉంటే చాలంటున్నారు. ఒకే కాలువ ఫొటోను నాలుగు పనులకు పెట్టిన ఫైళ్లు చూశాక నాకు ఫొటోల మీద భక్తి పోయింది. ఆ వీధిలో ఉండే ఇద్దరు, అందులో ఒకరు మహిళ, పని చూశామని సంతకం చేయాలి.

6. ప్రతి పంచాయతీ, ప్రతి వార్డు ఆడిట్ అభ్యంతరాల సారాంశం తెలుగులో, రెండు పేజీలకు మించకుండా, సచివాలయం గోడ మీద ఉండాలి, గ్రామసభలో చదవాలి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎవరూ అడగకుండానే ఇలాంటివి వెల్లడించమని 2005 నుంచి చెబుతూనే ఉంది. పైగా ఇది మనకు కొత్త కాదు. ఉపాధి హామీ పనులకు మన రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీ జరిగింది. మస్టరు (కూలీల హాజరు పట్టిక) పేర్లు పైకి చదివితే, ‘నేను ఆ వారం ఊళ్లోనే లేను, నా పేరు ఎలా వచ్చింది’ అని లేచి అడిగిన కూలీలను ఈ రాష్ట్రమంతా చూసింది. అదే ఊళ్లో వీధి దీపాల బిల్లు మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చదవలేదు. బల్బు వెలుగుతోందో లేదో ఆ కూలీకి ఆడిటర్ కంటే బాగా తెలుసు.

7. నష్టపోయిన సొమ్మును బాధ్యుల నుంచే రాబట్టే సర్‌ఛార్జి విధించే అధికారం 1989 చట్టంలోనే ఉంది. ఎవరి మీద ఎంత విధించారో, ఎంత వసూలైందో ఏటా జిల్లాల వారీగా ప్రకటించాలి. హోదాల వారీగా కూడా చూపాలి. ఆ పట్టికలో బిల్లు కలెక్టర్లే కనిపించి కమిషనర్లు కనిపించకపోతే ఎందుకో ప్రజలే అడుగుతారు.

8. సొమ్ము దుర్వినియోగం కాలేదని తేలినా, కేవలం రసీదు జాడ లేక పెన్షన్, గ్రాట్యుటీ ఆగిన కింది ఉద్యోగుల కేసులను జిల్లా స్థాయి కమిటీ ముందు పెట్టి ఆరు నెలల్లో తేల్చాలి. ఆ కమిటీలో ఆడిట్ శాఖ, ట్రెజరీ, ఆ కార్యాలయం ముగ్గురూ ఒకే రోజు ఒకే గదిలో కూర్చోవాలి. విడివిడిగా రాసుకుంటే ఇంకో పదేళ్లు పడుతుంది.

9. రికార్డులు చూపని కార్యాలయాధిపతి మీద తొలి నోటీసు తర్వాత వెంటనే క్రమశిక్షణ చర్య మొదలు కావాలి. జిల్లాల విభజనలో మారిన రికార్డుల జాబితాను రెండు వైపుల కలెక్టర్లూ సరిచూసి సంతకాలు చేయాలి.

10. ఆడిటర్ల ఖాళీలు నింపండి, భత్యం నెలనెలా ఇవ్వండి, ఆడిట్ బృందానికి కార్యాలయం భోజనం పెట్టడాన్ని, బండి పంపడాన్ని నిషేధించండి. పంచాయతీకి ఇన్ని రోజులన్న కనీస గడువు పెట్టండి.

11. ప్రజా పద్దుల సంఘం సభ్యులకు ప్రత్యేకంగా ఒక మనవి. వివరణ నోటు పంపని శాఖల పేర్లు, ఎన్ని నెలలు దాటిందో, సభలో చదివి వినిపించండి. ఏడాదికి ఒక్క సమావేశమైనా గుంటూరులోనో విజయవాడలోనో ప్రజల సమక్షంలో జరపండి. అధికార పక్షమా, ప్రతిపక్షమా అన్న తేడా ఆడిట్ పేరాకు లేదు. నేను లెక్కలు చూసిన ఏళ్లలో అన్ని పార్టీల ప్రభుత్వాలూ వచ్చాయి, పెండింగు జాబితా ఎవరి కాలంలోనూ తగ్గలేదు.

నా తోటి ఆడిటర్లకు, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవారికి ఒక మాట. నీటి రిజిస్టరు, పే షీటు, చలానా వంటివి ఎదురైతే మొత్తం ఎంతన్నది చూడకుండా, దాని వల్ల ఎవరికి ఏం జరుగుతుందో ఒక వాక్యం పేరాలోనే రాయండి. నిబంధన ఉల్లంఘన అని రాస్తే ఫైలు దాటిపోతుంది. ఫలానా వీధిలో ఇన్ని ఇళ్లకు క్లోరిన్ కలపని నీళ్లు వెళ్లాయని రాస్తే, సంతకం పెట్టేవాడి చేయి ఒక క్షణమైనా ఆగుతుంది.

ఆడిట్ తనిఖీ నివేదికకు తొలి సమాధానం నాలుగు వారాల్లో రావాలన్నది మన కార్యాలయాల్లో ఎప్పటి నుంచో ఉన్న గడువు. ఈ లేఖకు కూడా అదే గడువులో, పైన రాసిన పదకొండు కోర్కెలలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి కుదరవో, కుదరకపోతే ఎందుకో వరుస నంబర్ల వారీగా సమాధానం కోరుతున్నాను. పేరాల జాబితా, హాఫ్ మార్జిన్ల ప్రతులు అడిగిన అధికారికి అదే రోజు అందజేస్తాను. గడువు దాటితే సమాచార హక్కు చట్టం కింద, పేరాల వారీగా, ప్రతి శాఖకూ విడిగా దరఖాస్తులు వేస్తాను. అవి వేయడానికి ముందుకు వచ్చిన విశ్రాంత ఆడిటర్లు, పారిశుద్ధ్య కార్మికులు, గ్రంథాలయ పాఠకులు ఈ ఊళ్లోనే ఉన్నారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఆడిట్ అధికారి
గుంటూరు